మెట్ల కింది ఆర్కిడ్

ఈ ఉదయం మా అత్త నన్ను ఓడించింది.

పటాలంలో పనిచేసే మా తమ్ముడు సెలవుకు వచ్చినప్పుడు కొండల నుంచి ఒక నేల ఆర్కిడ్ తెచ్చిచ్చి, మళ్లీ యుద్ధానికి వెళ్లిపోయాడు. దాన్ని తులసి పక్కనే తొట్టిలో పెట్టాను. వానల్లో తెల్లగా పూసింది. చలికాలం రాగానే ఆకులు ఎండి, గడ్డ మట్టిలో నిద్రపోయింది. మా తిరుపతి చలి దాన్నేమీ చేయదు కానీ, ఆ నిద్రలో తడి తగిలితే కుళ్లిపోతుంది. నీళ్లు పోయొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. నిన్న చూస్తే మట్టంతా తడి!

"ఎందుకు పోస్తివత్తా?" అని అరిచాను.

"తులసమ్మకు పోసి, పక్కదానికి పోయకుంటే ఎట్లమ్మే? ఒకే పంక్తిలో కూసోబెట్టి, ఒకరికి వడ్డించి ఇంకొకరిని పస్తు పెడతామా?"

గడ్డ పోతే తమ్ముడికి ఏమని రాయను? భయంగా తవ్వి చూశాను. గట్టిగానే ఉంది. పొడి మట్టిలో పాతి, తొట్టిని పంక్తిలోంచి లేపి మెట్ల కింద పెట్టాను.

ఈ ఉదయం అత్త చెంబులో నీళ్లన్నీ తులసికి పోసేసింది. తర్వాత మెట్ల దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీ చెంబును నా తొట్టి మీద ఒకసారి వంచి, నిమ్మళంగా లోపలికి వచ్చింది.

ఇది కూడా వద్దనాలా? మీరే చెప్పండి.