కోడిపిల్ల ముట్టని బియ్యం

మొన్న కాఫీ పళ్లు ఎరుపెక్కుతున్న రోజుల్లో మా రైతుల సంఘం నుంచి ఒక గుంట, చిన్న వయసు ఆడపిల్ల, ఫోను పట్టుకుని మా తోటకి వచ్చింది. గట్టు వెంబడి నడుస్తూ, మలుపు వచ్చిన చోటల్లా ఆగి ఏదో నొక్కుకుంటూ పోతుంటే, ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తున్న నాకు మొదట నవ్వొచ్చింది. సముద్రాల అవతల ఐరోపా దేశాలు చాలా కలిసి తమందరికీ ఒకే చట్టం రాసుకున్నాయట, అడవి నరికి పండించిన కాఫీ గింజ ఆ దేశాల్లో అడుగు పెట్టకూడదట, అందుకని మన అరకు కొండల్లో ఏ తోట అంచు ఎక్కడ తిరుగుతుందో ఆకాశంలోంచి తీసిన బొమ్మతో సరిపోల్చి చూస్తారట. చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు గానీ ముందే సిద్ధంగా ఉండాలని సంఘం వాళ్ల ఆత్రం.

"మామ్మా, నీటి ఊట మీదున్న ఈ పై నేల చెక్కలో ఎప్పుడైనా అడవి కొట్టారేటి?" అని అడిగింది. కొట్టలేదన్నాను. చట్టానికి కావలసింది ఈ మధ్య ఏళ్ల సంగతేనట, ఆ పిల్ల నొక్కుకుని ముందుకి పోయింది. నేను మాత్రం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయాను.

నా ఈడు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో కొండ మీద బతుకంటే పోడు. చెట్లు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామలు, మేం చోళ్లనే రాగులు, కందులు చల్లుకునేవాళ్లం. నేల అలిసిపోతే వదిలేసి మరో చోటికి పోయేవాళ్లం, వదిలిన చోట అడవి మెల్లగా మళ్లీ లేచేది. నేను బడికి పోలేదు. మా అమ్మ తన అన్న దగ్గర నేర్చుకున్న నాలుగక్షరాలూ నాకు ఇంట్లోనే నేర్పింది, చేటలో చోడిపిండి పలచగా పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించి, దిద్దడం అయ్యాక ఆ పిండితోనే అంబలి కాచేది. ఈ పాటి రాయగలుగుతున్నానంటే ఆ తల్లి పెట్టిన భిక్షే.

ఒక ఏడాది మా కింది పోడులో మట్టంతా కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. నాన్న చూపు ఊట మీదున్న చెక్క మీద పడింది. మద్ది, నేరేడు, పనస చెట్లతో పట్టపగలే చల్లగా ఉండే చోటది. అమ్మ వద్దంది. తన పుట్టింటి వాళ్ల ఊళ్లో పైన చెట్లు కొట్టాక కింద ఊట ఎండిపోవడం తను కళ్లారా చూసింది. మా గూడెమంతటికీ తాగే నీళ్లు ఆ ఒక్క ఊటవే.

"ఊటని సూసుకుంటే పిల్లలకేటి పెడతావు?" అనేవాడు నాన్న.

"నీళ్లు నేకపోతే అంబలి దేంతో కాస్తావు?" అనేది అమ్మ.

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ గొడవ తెగేది కాదు.

మాలో ఒక ఆచారం ఉండేది. కొత్త చోట గొడ్డలి ఎత్తే ముందు, మంచీ చెడూ చూసి చెప్పే దిసారి తాత ఆ చెట్ల కింద ఆకు పరిచి, గుప్పెడు బియ్యం పోసి, కోడిపిల్లని వదిలేవాడు. అది పొడుచుకు తింటే కొండతల్లి ఒప్పుకున్నట్టు, ముట్టకపోతే ఇక ఆ చోటి వంక చూడకూడదు. అలా చూడాల్సిన రోజు తెల్లవారుజామున అమ్మ మా తెల్ల కోడిపిల్లని ఇంటి వెనక్కి తీసుకుపోయి, విత్తనాల కుండలో చెయ్యి పెట్టి, దోసిలి నిండా చోళ్లు తీసి తినిపించింది. తన వెనకాలే నిలబడ్డ నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

ఊట దగ్గర అందరూ చూస్తుండగా ఆ కోడిపిల్ల బియ్యం వంక ఒకసారి చూసి, అక్కడే కూలబడి కళ్లు మూసుకుంది. "బువ్వ సూసి మొగం తిప్పేసిన కోడిని ఇదే సూడ్డం, ఏ కలవారింటి పిల్లో" అంది మా మేనత్త, అందరూ నవ్వారు. నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మెడ కింద గుండ్రంగా ఉబ్బిన మేత సంచి మీద ఆయన బొటనవేలు ఆగిపోయింది. కోళ్లు పెంచినవాడికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ వైపు చూశాడు. అమ్మ చెట్ల వైపు చూస్తోంది.

"తల్లి ఒప్పుకోనేదు. బేగి దిగుదాం పదండి" అన్నాడు నాన్న. ఆయన పోయేదాకా ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అమ్మ కొండని మోసం చేసిందని నేను ఏనాడూ అనుకోలేదు. కొండతల్లే ఆవిడ చేతుల్లో కూర్చుని ఆ గింజలు పెట్టించిందని నా నమ్మకం. కానీ కొత్త పోడు పడక ఆ వానాకాలం మా ఇంట్లో గింజ లేదు. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి పప్పు కొండవాగు గెడ్డ నీళ్లలో వగరు పోయేదాకా నానబెట్టి, దంచి, ఆ పిండితో అంబలి కాచుకున్నాం. చెల్లి కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. అమ్మ తన వంతు దానికి పోసి, కడుపు నిండిందని ఊట నీళ్లు తాగి పడుకునేది. చేటలో పరవడానికి పిండి లేక నేను పొయ్యి బూడిదలో దిద్దుకున్నాను. నాన్న కొండ దిగి రోడ్డు పనికి పోయాడు. చెల్లి బతికి బట్టకట్టింది, దేవుడి దయ.

కొన్నేళ్లకి సర్కారు వాళ్లు కాఫీ మొక్కలు తెచ్చి, నీడ లేనిదే ఇది బతకదన్నారు. పోడు కొట్టుకున్నవాళ్లు నీడ కోసం వేరే చెట్లు నాటుకుని అవి ఎదిగేదాకా ఎదురు చూశారు. మాకు ఊట మీద నీడ సిద్ధంగా ఉంది. ఇప్పటికీ ఆ నీడలోనే కాఫీ కాస్తోంది, మద్దిచెట్ల మీద మిరియాల తీగలు పాకుతున్నాయి.

అడవి ముట్టొద్దని అంత దూరాన కూర్చుని రాసినవాళ్లకి నేను మనసారా మొక్కుకుంటాను. అయితే ఆ పిల్ల అడిగిన ప్రశ్నలన్నీ విన్నాను, చెట్టు కొట్టారా అనే ఉంది గానీ, కొట్టకుండా ఉన్నవాళ్లు ఆ ఏడాది ఏం తిన్నారన్నది అందులో లేదు. మా మరిది మొన్నీమధ్య భార్య జబ్బుకి వేరే దారి లేక తన వాలు మీది చెట్లు కొట్టి సాగు చేశాడు. అక్కడ నిలబడి ఆ పిల్ల, నొక్కితే అతని కాఫీ ఆ దేశాలకి పోదని, చాలాసేపు ఏమీ నొక్కలేదు.

ఆ పిల్ల పోయే ముందు కాఫీ ఇచ్చి, తను అడక్కపోయినా మా టెంకల అంబలి సంగతి చెప్పాను. "టెంకలు తింటారేటి మామ్మా?" అని నోరు తెరిచింది. ఆ రుచి తెలియని పిల్లలు ఈ కొండ మీద పుట్టారు కదా అని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఆ తర్వాత చాలాసేపు, అదంతా తెలిసినవాళ్లం ఇంకా ఎంతమందిమి మిగిలామా అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.