గేదె తన్నుద్దన్నారు

సారమ్మ పేడ చూసి ఇంటి గుట్టు చెప్పేది. అందులో వింతేమీ లేదు, ఆమె పని అలాంటిది. గురజాలకు నాలుగు మైళ్ళ ఇవతల, రోడ్డు పక్క పాలెంలో ఆమెది ఒంటి గుడిసె. మొగుడు పోయి పన్నెండేళ్ళు. తెల్లవారగానే తట్టా చీపురూ పట్టుకుని ఏడిళ్ళ గొడ్ల కొట్టాలు ఊడ్చేది. ఊడ్చినందుకు కూలి ఉండదు. ఎత్తిన పేడే కూలి. దాన్ని పిడకలు కొట్టి, ఎండబెట్టి గురజాల హోటళ్ళకు వేసేది. ఏ గేదెకు తవుడు పడుతోందో, ఏ ఎద్దును ఉత్త చొప్పతో సరిపెడుతున్నారో, ఏ దూడకు చుక్క మిగల్చకుండా పిండుకుంటున్నారో ఆమె చేతికే తెలిసిపోయేది. తెలిశాక ఊరుకునే మనిషి కాదు.

ఒకసారి కిరాణా కొట్టు వెంకటాద్రి ఎద్దుకు ముకుతాడు ఒరుసుకుని ముక్కులో పురుగులు పడ్డాయి. కొట్టు ముందు పదిమంది ఉండగా సారమ్మ తట్ట దించి, శెట్టిగారూ, మీరు ముక్కుపొడి పీల్చేముందు మీ ఎద్దు ముక్కు కూడా ఒకసారి చూడండి అంది. జనం నవ్వారు. వెంకటాద్రి మొహం మాడ్చుకున్నాడు కాని పొద్దుగూకేలోగా ముకుతాడు కోయించి వేపనూనె రాయించాడు. దాని నోటికి జడిసి ఈ ఊళ్ళో పశువులు బతుకుతున్నాయని తర్వాత ఆయనే నలుగురికీ చెప్పుకున్నాడు.

పశువుల విషయంలో ఆ నోరు చెల్లింది. మనిషి విషయంలో చెల్లలేదు.

ఆమె ఊడ్చే ఏడిళ్ళలో దేవానందం ఇల్లు ఒకటి. దేవానందం అక్కడి క్రైస్తవ సంఘానికి పెద్ద. పాలెంలో పెంకుటిల్లు ఆయనదొక్కటే. ఆరెకరాల మిరపతోట, జత ఎద్దులు, రెండు గేదెలు. మిషను బడి కమిటీకి పెద్ద కూడా ఆయనే. ఆయన అక్క గ్రేసమ్మకు చిన్నతనంలో మెదడు జ్వరం వచ్చి మాట పోయింది. ఏభై ఏళ్ళు దాటినా బుద్ధి మూడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. తల్లి ఉన్నన్నాళ్ళు చెయ్యి పట్టుకుని గుడికీ పొలానికీ తనతో తిప్పుకుంది. తల్లి పోయాక గ్రేసమ్మ వీధిలో కనపడటం మానేసింది. ఎడ్లపాడులో చుట్టాలింట ఉంచామని దేవానందం భార్య అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. సారమ్మ కూడా నమ్మింది.

1959లో మిరపకాయల ఆఖరి కోతల వారంలో దేవానందం భార్య లోపలి కొట్టం ఊడవొద్దని చెప్పింది. ఈనిన గేదె, తన్నుద్ది, మేమే ఎత్తి బయట పోస్తాంలే అంది. సారమ్మ సరేనంది గాని తట్ట నెత్తికెత్తుకున్నాక కాళ్ళు ముందుకు సాగలేదు. ఆ గేదె ఈనిన రోజున కడుపులో చెయ్యి పెట్టి దూడను లాగింది తనే. అది తన్నే గేదె కాదు. పైగా తాగిన చెంబు కూడా కడుక్కోని ఇల్లాలు తన చేత్తో పేడ ఎత్తి బయట పోయడమేమిటి? నాలుగో రోజున వాళ్ళు పోసిన కుప్పలో చెయ్యి పెట్టింది. గేదెది కానిది అందులో కలిసి ఉంది. ఇరవై ఏళ్ళుగా పేడలో బతికిన మనిషికి అది ఎవరిదో ఒకరు చెప్పాలా?

మర్నాడు ఇంటిల్లిపాదీ కోతకు పోయాక ఆమె లోపలి కొట్టంలోకి వెళ్ళింది.

గేదెకీ దూడకీ మధ్య, గాడి పక్కన, గ్రేసమ్మ నేల మీద కూర్చుని ఉంది. గేదెను కట్టే పలుపుతో ఆమె కుడికాలిని గుంజకు కట్టారు. ముందు కుడితి బాన ఉంది. మంచినీళ్ళ చెంబు ఎక్కడా లేదు. గేదె గోడవైపుకు ఒదిగి నిలబడి ఉంది, ఆమె కాలు తొక్కకుండా. సారమ్మ వంగి చూసింది. చీలమండ చుట్టూ తోలు ఊడి పచ్చిగా ఉంది. వెంకటాద్రి ఎద్దు ముక్కు దగ్గర వచ్చిన వాసనే ఇక్కడా వచ్చింది.

ముడి విప్పి, కడిగి, పసుపు అద్దింది. ఇప్పుడే తీసుకుపోతే ఎక్కడ పెట్టాలి, ఎవరు ఒప్పుకుంటారు, దొంగతనం అంటే ఏం చెప్పాలి అని తెలియక, ముడి మళ్ళీ తన చేత్తోనే వేసింది. వదులుగానే వేసింది. అయినా ఆ ముడి సంగతి వచ్చినప్పుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా, ఆమె మాట తడబడేది.

ఇది ఎట్లా మొదలయిందో తర్వాత తెలిసింది. తల్లి పోయిన కొత్తలో గ్రేసమ్మ ఒకరోజు నడుస్తూ పోయి దిగుడుబావి అంచున నిలబడింది. ఎవరో చూసి పట్టుకొచ్చారు. ఆ మధ్యాహ్నం, బావిలో పడుతుందేమోనని, నిజంగా భయపడే కట్టారు. తర్వాత పొలం పోయినప్పుడు కట్టారు. తర్వాత చుట్టాలొచ్చినప్పుడు కట్టారు. తర్వాత విప్పడం మర్చిపోయారు. గదిలోంచి కొట్టంలోకి మార్చింది మాత్రం ఈ కోతలప్పుడే. ఇలాంటి పాపాలు చాలావరకు క్రూరులు మొదలుపెట్టరు. తీరిక లేనివాళ్ళు మొదలుపెడతారు, పరువు గలవాళ్ళు తలుపేసి దాస్తారు.

సారమ్మ తిన్నగా లీలావతి టీచరు దగ్గరకు వెళ్ళింది. లీలావతిది ముప్పాళ్ళ. మిషను బడిలో పనిచేస్తూ బడి పక్క గదిలో ఉండేది. ఇరవై ఆరేళ్ళ ఆ పిల్ల, నలభై ఏళ్ళ సారమ్మకు చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించింది. ప్రతి శనివారం సారమ్మ ఆమె పొయ్యికి పిడకలు తెచ్చి పడేసేది, వద్దన్నా వినేది కాదు. పాలెంలో సారమ్మను అక్కా అని పిలిచే చదువుకున్న మనిషి ఆమె ఒక్కతే.

మర్నాడు బడి మధ్యాహ్నం సెలవులో ఇద్దరూ కలిసి వెళ్ళారు. లీలావతి చూసింది. ఏడ్చింది. తన చీర చెంగు చింపి గ్రేసమ్మ కాలికి కట్టింది. బయటకు వచ్చాక సారమ్మ గురజాల పోలీసు స్టేషనుకు పోతానంది.

"స్టేషనుకొద్దక్కా. సంగతి సంఘం గడప దాటిస్తే నిన్ను బల్ల దగ్గరికి రానివ్వరు. ముందు పాస్టరుగారికి చెబుదాం. నేనూ చూశాగా, నీ పక్కన నిలబడతా."

"నిలబడతావుగా?"

"దేవుడి తోడక్కా."

ఆ పాలెంలో కట్టుబాటు అది. సంఘస్తుల తగువు సంఘంలోనే తేలాలి. మీరిన వాళ్ళకు గుడిలో ప్రభుభోజన సంస్కారం ఇవ్వరు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆ బల్ల దగ్గర మోకరించే వేళ మాత్రమే పేడతట్ట మోసే మనిషీ పెంకుటింటి మనిషీ పక్కపక్కన ఉంటారు. సారమ్మకు ఆ చోటు మీద ప్రాణం. అందుకని ఒప్పుకుంది.

పాస్టరు జ్ఞానయ్య చెడ్డవాడు కాదు. విని తల పట్టుకున్నాడు. పెద్దలతో కలిసి స్వయంగా వెళ్ళి చూస్తానని మాట ఇచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలు చదువుతూ, వచ్చే బుధవారం సాయంత్రం దేవానందంగారి ఇంట కుటుంబ ప్రార్థన, అందరూ రాగలరు అన్నాడు. పెద్దలకు ఒకరి ఇంటికి ఊరికే వెళ్ళే అలవాటు లేదు. ప్రార్థన పేరుతోనే వెళ్ళాలి. ప్రార్థన అంటే ముందుగా గుడిలో చెప్పాలి. చెబితే ఆ ఇంటివాళ్ళు సున్నం కొట్టించి, చాపలు పరిచి, టీ కాస్తారు. అది మర్యాద. మూడు రోజుల ముందు చాటి చెప్పి తనిఖీకి వెళ్ళే మర్యాద ఏ దొంగకైనా చాలు.

బుధవారం దేవానందం ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. నవారు మంచం మీద కొత్త దుప్పటి వేసి గ్రేసమ్మను కూర్చోబెట్టారు. స్నానం చేయించారు. పేలు పట్టిన తల గొరిగించి ముసుగు వేశారు. తెల్ల చీర కట్టారు. కాళ్ళకు మేజోళ్ళు తొడిగారు. ఎండలకు కాకులు నోళ్ళు తెరిచే ఏప్రిల్ నెలలో, జోళ్ళు కూడా ఎరగని ఆడమనిషికి మేజోళ్ళు.

నిన్ననే ఎడ్లపాడు నుంచి తీసుకొచ్చామని దేవానందం చెప్పాడు. అక్కను చూడకుండా ఉండలేకపోయాడట. పెద్దలు తలలూపారు. సారమ్మ లేచి, ఆ మేజోళ్ళు తీసి చూడండయ్యా అంది. ఎవరూ కదల్లేదు. కొట్టంలో కట్టేసిన సంగతి తను ఒక్కతే చూడలేదనీ, టీచరమ్మ కూడా చూసిందనీ చెప్పింది. జ్ఞానయ్య లీలావతి వైపు తిరిగాడు. దేవానందం కూడా తిరిగాడు.

"ఏమ్మా, నువ్వు చూశావా?"

లీలావతి చాప అంచు పోగులు లాగుతూ కూర్చుంది.

"కొట్టంలో చీకటిగా ఉందండి అయ్యగారూ. నాకు సరిగ్గా కనపళ్ళేదు."

సారమ్మ తిన్నగా మంచం దగ్గరకు నడిచి వంగింది. చెయ్యి మేజోడు మీద పడింది. అప్పుడు జ్ఞానయ్య, గొడవ ముదరకముందే ఆపాలని కాబోలు, ప్రార్థన చేసుకుందాం అన్నాడు.

సారమ్మ కళ్ళు మూసుకుంది.

పుట్టినప్పటి నుంచీ ఆ మాట వింటే చేసే పని అదే. చేతులు జోడించింది, తల వంచింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి మంచం ఖాళీ. నీరసంగా ఉందని దేవానందం భార్య ఆడబిడ్డను లోపలికి తీసుకుపోయి తలుపేసింది. తర్వాత టీలు వచ్చాయి.

దారిలో లీలావతి వెనక నుంచి వచ్చి సారమ్మ చెయ్యి పట్టుకుంది. కమిటీలో ఆయన సంతకం లేకపోతే తనకు ఉద్యోగం లేదనీ, ముప్పాళ్ళలో తల్లీ ఇద్దరు చెల్లెళ్ళూ తన జీతం మీదే బతుకుతున్నారనీ చెప్పింది. అబద్ధం కాదు. ప్రతి ఇంట్లో ఇలాంటి నిజం ఒకటి ఉంటుంది. కాని దాని బరువు మోసింది లీలావతి కాదు, గ్రేసమ్మ కాలు.

"నువ్వు చూళ్ళేదని దేవానందం చెప్పుంటే నాకింత బాధుండేది కాదు," అంది సారమ్మ. చెయ్యి విడిపించుకుని నడిచింది.

ఆ ఆదివారం సారమ్మను బల్ల నుంచి ఆపారు. సంఘపెద్ద మీద అపనింద వేసినందుకు క్షమాపణ చెప్పేదాకా. పాలెంలో నాలుగిళ్ళవాళ్ళు ఆమెను కొట్టం ఊడవొద్దన్నారు. అయినా ఆమె ఇంకా ఆగింది. ఇంతమంది చూసిపోయారు గదా, ఇక కట్టరులే అనుకుంది. అది ఆమె చేసిన రెండో తప్పు. చూసినవాళ్ళు నోరు మూసుకుంటే కట్టినవాడికి అదే అనుమతి. ప్రార్థన జరిగిన పదో రోజు దేవానందం పెరటి కుప్ప మీద ఈగలు చూసింది. మళ్ళీ అదే కలిసి ఉంది. ఈసారి రక్తం, చీము అంటిన గడ్డి కూడా ఉంది.

ఎవరికీ చెప్పకుండా గురజాల దారి పట్టింది. మిరపకాయల బస్తాలతో పోతున్న ఊరి బండివాడు మౌలాలీ ఆపి ఎక్కించుకున్నాడు. స్టేషనులో హెడ్డు కానిస్టేబులు మహమూద్ మొదట ఇది ఇంటి గొడవ అన్నాడు. పెద్దమనుషుల్లో పెట్టి తేల్చుకోమన్నాడు.

"పెద్దమనుషులు టీ తాగి పోయారయ్యా. గేదె పోతే వస్తారా మీరు?"

"వస్తాం."

"అయితే గేదె కోసమే రండి. ఆ కొట్టంలో ఉండాల్సింది ఒక గేదె, ఒక దూడ. పలుపులు మూడున్నయ్యి. ఆ మూడోదేందో మీరే చూసి రాసుకోండి."

మహమూద్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. ఎవరికీ కబురు పెట్టలేదు, మునసబుకు కూడా. గంటలో మౌలాలీ బండిలోనే వచ్చి దేవానందం కొట్టం తలుపు తోశాడు.

కాలు నల్లబడింది. గురజాల ఆస్పత్రిలో చూసి వెంటనే గుంటూరు పంపారు. అక్కడ పాదం తీసేశారు. పది రోజుల ముందు తెచ్చి ఉంటే ఉత్త పుండేనమ్మా, మానిపోయేది అన్నాడు డాక్టరు. పది రోజుల ముందు బుధవారం. ఆ లెక్క సారమ్మకు ఎవరూ వేసి చెప్పక్కర్లేకపోయింది.

దేవానందం మీద కేసు పెట్టారు. ఆస్పత్రి నుంచి గ్రేసమ్మను సారమ్మే తన గుడిసెకు తెచ్చుకుంది. పాలెంలో పని పోయింది గాని వెంకటాద్రి తన కొట్టం ఊడ్చే పని ఇచ్చాడు, మౌలాలీ వాళ్ళ వీధిలో ఇంకో మూడు దొరికాయి. కేసు వాయిదాలు పడుతూ ఏడాది గడిచింది. దేవానందం తరఫు వకీలు, పిచ్చిదాన్ని బావిలో పడకుండా కాపాడుకున్నాడన్నాడు. పోలీసులు చూసింది ఆ ఒక్క రోజే, రోజుల తరబడి కట్టి ఉంచారని చెప్పే సాక్షి సారమ్మ ఒక్కతే. ఓడిపోతే గ్రేసమ్మ మళ్ళీ తమ్ముడి చేతికి పోతుందేమోనని ఆమె భయం.

ఆఖరి వాయిదాకు రెండు రోజుల ముందు లీలావతి వచ్చింది. సొంతూరు ముప్పాళ్ళకు బదిలీ అయిందట. చేతిసంచిలో బత్తాయిలు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చి, తప్పయిపోయిందక్కా, మన్నించు అంది. సారమ్మ గ్రేసమ్మ వైపు చూపించింది. లీలావతి దగ్గరకు జరిగి, ఒక బత్తాయి ఒలిచి తొన చేతిలో పెట్టింది. గ్రేసమ్మ అది నోట్లో వేసుకుని లీలావతి బుగ్గ తడిమి నవ్వింది.

"ఆమె మన్నించిందక్కా," అంది లీలావతి, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆమె అందర్నీ చూసి అట్టాగే నవ్వుద్ది టీచరమ్మా. పలుపు బిగించేటప్పుడు దేవానందాన్ని చూసి కూడా నవ్వే ఉంటది. దాన్ని మన్నింపనుకోమాక. ఎల్లుండి కోర్టుకొచ్చి నువ్వు చూసింది చెప్పు. బదిలీ అయింది గదా, ఇంక నీకు ఆయన సంతకంతో పనేంది?"

లీలావతి తల వంచుకుంది. వస్తానంది. బస్సుకు టైమయిందని లేచింది.

వాయిదా రోజు సారమ్మ కోర్టు అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుంది. ముప్పాళ్ళ వైపు నుంచి బస్సులు మూడు వచ్చిపోయాయి. కేసు కొట్టేశారు.

ఆ తర్వాత నెల రోజులు సారమ్మ గ్రేసమ్మను వదిలి పనికి పోలేదు. దేవానందం వచ్చి అక్కను తీసుకుపోతాడేమోనని గుమ్మంలో చాప వేసుకుని పడుకుంది. ఎవరూ రాలేదు. కబురు కూడా రాలేదు. ఆమెను కట్టేయాల్సినంత అక్కర ఉన్నవాళ్ళకు, విప్పేశాక ఆమె అక్కర్లేదు. అది అర్థమయ్యాక ఒక తెల్లవారుజామున గ్రేసమ్మను మౌలాలీ భార్య దగ్గర కూర్చోబెట్టి, తట్ట తీసుకుని కొట్టాలకు బయల్దేరింది.