రమణమ్మగారు కడిగిన గేర్‌బాక్స్

2022లో, వానలు ముదిరిన రోజుల్లో జరిగిందిది. విజయవాడ ఆటోనగర్‌లో మా అన్నదమ్ములిద్దరికీ ఒక షెడ్డు ఉంది. గేర్‌బాక్స్ వస్తే లోపలి షాఫ్టులు, గేర్ల పని నాది. సెలెక్టర్ రాడ్లు, అంటే డ్రైవరు గేరు మార్చినప్పుడు లోపల గేర్లను జరిపే కడ్డీల పని అన్నయ్యది. పద్దెనిమిదేళ్లు అలా పంచుకుని చేయడం వల్ల మొత్తం బాక్సు ఒక్కడినే విప్పి బిగించే అవసరం నాకు రాలేదు. వచ్చిన రోజున అది షెడ్డులో కాకుండా కొల్లేటి పక్కన ఒకరి ఇంటి వాకిట్లో వచ్చింది.

ఫోన్ చేసింది దుర్గ. మా షెడ్డుకు పాత ఖాతాదారు. కైకలూరు అవతల చేపల చెరువుల మధ్య వాళ్లిల్లు. తన పాత వ్యానులో చేపలు మార్కెట్టుకు తోలుతుంది, అదే వ్యానులో తండ్రి ఏడుకొండలుగారిని డయాలసిస్‌కి తీసుకెళ్తుంది.

"అన్నా, ఏ గేరూ పడటం లేదు. గురువారం డయాలసిస్ తప్పిపోయింది. సోమవారం పొద్దున కూడా తప్పితే ప్రాణం మీదికొస్తదన్నారు డాక్టరుగారు."

"వేరే బండి మాట్లాడుకోలేవామ్మా?"

"గట్టు సగం కోసుకుపోయిందన్నా. ఆ దారిన రామంటున్నారు అందరూ. బైకు మీద ఆయన కూర్చోలేడు. ఈ గట్టు మీద మా వ్యాను ఒక్కటే వెళ్లేది, అదీ నేను తోలితేనే."

అన్నయ్య అత్తగారి ఊళ్లో ఉన్నాడు. సామాను గోనెసంచిలో కట్టుకుని ఆదివారం తెల్లవారకముందే బైకు మీద బయల్దేరాను.

వాకిట్లో మంచం మీద ఏడుకొండలుగారు దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. పడుకుంటే ఊపిరాడదట. కాళ్లు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసి, "కంగారు పడకండి భాయ్. నేనెక్కడికీ పారిపోను" అని నవ్వారు. ఆ నవ్వు కంటే వెనకాల వినిపించే ఆయాసం నన్ను ఎక్కువ తొందరపెట్టింది.

బండి ఎత్తే లిఫ్టు లేదు, కింద దిగి పని చేసే గొయ్యి లేదు. జాకీ పెట్టి, ఇటుకలు పేర్చి, దుర్గ ఒక పక్క నేనొక పక్క పట్టి బాక్సును గోనెల మీదికి దించాం. విప్పి చూస్తే సెకండ్ గేరు సింక్రో రింగు ముక్కలై ఇరుక్కుపోయింది. గేరు మారేటప్పుడు రెండు వేగాలను కలిపే ఇత్తడి రింగు అది. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చాను. బిగించేటప్పుడు ఆ వరుసే మాకు దారి చూపేది. ఫోనులో ఫోటో తీసుకోవచ్చు కదా అని ఇప్పుడు విన్నవాళ్లంతా అడుగుతారు. ఇంత అనుభవం ఉన్నవాడికి ఫోటో ఎందుకని పొగరు, ఇంకేముంది.

కొత్త రింగు కోసం హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి, ఆదివారం మూసిన కొట్టు బతిమాలి తీయించి తిరిగొచ్చేసరికి రెండు దాటింది. గోనెపట్టా ఖాళీగా ఉంది. పక్కనే మూడు చేపల ట్రేలు. నా గేర్లు, రింగులు, వాషర్లు కిరసనాయిలుతో తళతళా కడిగి, పెద్దవి ఒక ట్రేలో, మధ్యరకం ఒకదాంట్లో, చిన్నవి ఇంకోదాంట్లో సర్ది ఉన్నాయి. దుర్గ వాళ్లమ్మ రమణమ్మగారు చేతులు తుడుచుకుంటూ సంతోషంగా నిలబడి ఉంది.

చూసిన వెంటనే నా నోరు లేచింది.

"ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని? వరుస మొత్తం పోయింది! మీ ఆయన ప్రాణమంటే లెక్కలేదా?"

ఆమె మొహం మాడిపోయింది. "జిడ్డోడుతున్నాయని కడిగాను బాబూ. చేపల సరుకు దిగ్గానే కడిగి సైజుల వారీగా వేరు చేయకపోతే పాడైపోద్ది కదా, మాకదే అలవాటు."

ఇంకా ఏదో అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వెళ్లిపోయింది. మంచం మీద ఏడుకొండలుగారు కళ్లు మూసుకున్నారు.

గేర్లను పళ్లను బట్టి పోల్చుకోగలిగాను. రింగులతోనే చిక్కొచ్చింది. చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ ఏ గేరు రింగు ఆ గేరు మీదే అరిగి ఉంటుంది. మార్చి వేస్తే పట్టు సరిగా ఉండదు. ఒక్కొక్కటీ వేసి, తిప్పి, తీసి, అరిగిన మచ్చలు కలుస్తున్నాయా అని చూసుకుంటూ షాఫ్టు పూర్తి చేసేసరికి పొద్దు వాలింది. ఇక అన్నయ్య పని మిగిలింది. ఆయనకు ఫోన్ చేసి అడగొచ్చు, అడగలేదు. చిన్న గిన్నెలో మూడు ఉక్కు గోళీలు కనిపించాయి. రాడ్లు దూర్చి, ఒక్కో రాడ్డుకీ ఒక గోళీ, దాని మీద స్ప్రింగు వేసి, మూత బిగించడం మొదలుపెట్టాను.

రెండు బోల్టులు బిగించాక గుమ్మంలోంచి సన్నగా మాట వినిపించింది.

"బాబూ, గోళీలు ఐదు కదా?"

"మూడేనమ్మా" అన్నాను, తలెత్తకుండా.

"నేను కడిగినవి ఐదండీ. చేత్తో ఎంచిన లెక్క నాకు తప్పదు. రెండు వెంట్రుకవాసి పెద్దవని వేరే గిన్నెలో వేశా."

తెచ్చి చూపించింది. నా కంటికి అన్నీ ఒకటే సైజు. కొలిచి చూస్తే ఆమె మాటే నిజం. అప్పుడు గుర్తొచ్చింది, అన్నయ్య రాడ్ల మధ్య అడ్డంగా రెండు గోళీలు వేసేవాడు. రెండు రాడ్లు ఒకేసారి కదలకుండా ఆపేవి అవే. అవి లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు రెండు గేర్లు కలిసి పడి చక్రాలు బిగుసుకుపోతాయి. సగం కోసుకుపోయిన గట్టు మీద, వెనక సీట్లో ఆయన, రెండు పక్కలా చెరువులు.

మూత తీసి, రాడ్లు లాగి, ఈసారి అన్నయ్యకు ఫోన్ చేసి అడిగి మరీ బిగించాను. రాత్రి భోజనాల వేళకు బాక్సు ఎక్కించి, బిస్మిల్లా అనుకుని వ్యాను స్టార్ట్ చేశాను. దుర్గ పక్కన కూర్చుని దారి చెబుతుంటే గట్టు చివరిదాకా నేనే నడిపాను. ఫస్టు, సెకండు, థర్డు, వెనక్కి రివర్సు, ఏదీ మొరాయించలేదు.

వెళ్లేముందు రమణమ్మగారి దగ్గరికి వెళ్లాను. "అక్కా, మధ్యాహ్నం నేను అనకూడని మాటలన్నాను. తప్పయింది."

"పోనీండి బాబూ. మీరు మూడే వెయ్యడం అప్పుడే చూశాను. చెబితే మళ్లీ తిడతారేమోనని ఆగాను."

"మరి ఎందుకు చెప్పారు?"

"తిట్లు పడితే పడ్డాను, బండెక్కేది మా ఆయన కదా."

మర్నాడు పదింటికి దుర్గ ఫోన్ చేసింది. "నాన్నకి సూది పెట్టారన్నా, మిషను మీద పెట్టారు."

విప్పినవి ముట్టుకోవద్దని, ఎందుకు ముట్టుకోకూడదో కూడా ఇప్పుడు ముందే చెబుతాను. ఫోటోలూ తీస్తున్నాను. అవి చిన్న పాఠాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు నా నోటికి భయపడి ఆ తల్లి ఇంకాస్త ఆగి ఉంటే, ఆ రెండు గోళీలు లేకుండానే ఆ మూత నా చేతులతోనే బిగించి వచ్చేవాణ్ని.