చెరువు నడుమ కాగిన ఇంజను

మోహన్‌కుమార్ ఫోన్ చేసేసరికి గాడ్విన్ ఆండర్సన్‌పేటలోని తన షెడ్డులో ఒక జనరేటరు విప్పుకొని కూర్చుని ఉన్నాడు.

“అన్నా, మా ఊర్లో పడవ ఇంజను ఊరికే కాగిపోతా ఉండాది. ఒకసారి వచ్చి చూస్తావా?”

గాడ్విన్ తాను సరిగా వినలేదనుకున్నాడు. “ఏమంటివి? పడవా? మన కోలారు జిల్లాలో పడవ యాడిదప్పా?”

“నవ్వొద్దన్నా. ఈ తూరి వానలకి మా చెరువు నిండి పొర్లి మొరవ పోయింది. రోడ్డు మునిగింది. పంచాయతీ వాళ్ళు యాడనో డ్యాము దగ్గిర పాత పడవ కొనుక్కొచ్చినారు. అవతల పల్లెల పాలన్నీ దాంట్లోనే రావల్ల. అది నడుమలో నిలిచిపోతే పాలు విరిగిపోతా ఉండాయి.”

మాలూరులో జనరేటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరూ చాలా ఏళ్ళు పక్కపక్కన పనిచేశారు. గాడ్విన్ రిటైరయ్యాడు, మోహన్‌కుమార్ ఇంకా అక్కడే ఉన్నాడు. అతని ఊరు నంగలి దగ్గర. అతని భార్య ప్రేమ ఆ ఊరి పాల డెయిరీకి కార్యదర్శి. కాదనడానికి గాడ్విన్‌కు నోరు రాలేదు. సరే, వస్తానన్నాడు. ఫోన్ పెట్టాక మాత్రం చాలాసేపు స్పానర్ ముట్టుకోలేదు.

ఇంజనంటే అతనికి జంకు లేదు. నీళ్ళంటేనే.

గాడ్విన్ పుట్టింది కోలారు బంగారు గనుల దగ్గర, కోరమాండల్‌లో, గని కూలీల లైను ఇంట్లో. తండ్రి అమోసు గని లోపల సొరంగాలకు కొయ్య దిమ్మెలు నిలబెట్టేవాడు. కొడుకు ఫిట్టరై పంపు సెక్షన్లో చేరాడు. గనిలో నీళ్ళు ఊరని రోజు ఉండదు. రాత్రీ పగలూ తోడి పైకి పంపుతూ ఉండాలి. ఒకసారి అడుగు లెవల్లో పంపు ఆగిపోయింది. గాడ్విన్, ఇంకో ఇద్దరూ దాన్ని బాగుచేస్తూ ఉండగానే నీళ్ళు మోకాళ్ళ దాకా, తరువాత నడుముదాకా వచ్చాయి. పనిముట్లు వదిలేసి నిచ్చెన ఎక్కారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నిచ్చెన మీద కాలు తీసిన మెట్టు వెంటనే మునిగిపోవడం అతను కళ్ళారా చూశాడు. అప్పటినుంచి లోతు తెలియని నీళ్ళు కనిపిస్తే దగ్గరికి పోయేవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో భార్య మోనికా వేళాంగణి తీసుకుపోతే, సముద్రం ఒడ్డున చెప్పులు చేతబట్టుకొని, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

గనులు మూసేశాక పంపులు ఆగిపోయాయి. అతను పనిచేసిన లెవళ్ళన్నీ ఇప్పుడు నీళ్ళకిందే ఉన్నాయి. దానికతను పెద్దగా బాధపడేవాడు కాదు. మారికుప్పం నుంచి తెల్లవారుజాము రైల్లో మాలూరు పోయి, సాయంత్రం రైల్లో వచ్చి, ఇద్దరు కూతుళ్ళను చదివించి పెళ్ళి చేశాడు. ఇప్పుడు షెడ్డు, ఆదివారం చర్చిలో పూజ, మోనికా చేసే చేపల పులుసు. ఇంతకన్నా ఏం కావాలని అతను ఎప్పుడూ అనుకోలేదు.

మరుసటి రోజు ముళబాగిలు మీదుగా బస్సులో పోయి చెరువు దగ్గర దిగాడు. ప్రేమ కట్ట మీద ఎదురు చూస్తూ ఉంది. పక్కన సీనప్ప, ఇన్నాళ్ళూ ట్రాక్టర్ తోలినవాడు, ఇప్పుడు పడవ నడుపుతున్నాడు.

పడవ ఇనుప రేకుది, వెడల్పుగా, అడుగు చదునుగా ఉంది. నడిమధ్య పెట్టెలో డీజిల్ ఇంజను. ఒడ్డుకు ఆనించి కట్టేసి ఉంది కాబట్టి గాడ్విన్ ధైర్యం చేసి లోపలికి దిగాడు. మూత తీసి చూశాక మనసు తేలికైంది. రేడియేటర్ లేదు, అంతే తేడా. పడవ అడుగునున్న రంధ్రంలోంచి చెరువు నీళ్ళనే పీల్చుకొని, జల్లెడ డబ్బాలో వడగట్టి, చిన్న పంపుతో ఇంజను చుట్టూ తిప్పి, పొగతోపాటు వెనక గొట్టంలోంచి బయటికి చిమ్ముతుంది.

“ఆ వెనక గొట్టం చూడమ్మా,” అన్నాడు ప్రేమతో. “నీళ్ళు ధారగా పడల్ల. ఇది చూడు, కారినట్ల పడతా ఉండాది. లోపలికి నీళ్ళు చాలడం లేదు.”

జల్లెడ డబ్బా విప్పితే నాచు, బురద, ఒక చిన్న చేపపిల్ల. కడిగి బిగించాడు. ధార లావైంది. కట్టేసిన పడవలోనే ఇంజను నడిపారు. ప్రేమ ఇచ్చిన కాఫీ తాగి, మిషను మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉందంతే. సంతోషంగా ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ప్రేమ ఫోన్. “అప్పా, మళ్ళీ కాగింది. సీనప్పన్న తెడ్డేసుకొని వచ్చినాడు. పాలు పాడైపోయినాయి. మా అత్తమ్మ పన్నీరు చేస్తా అని కూర్చొని ఉండాది.”

ఈసారి గాడ్విన్ నీటి పంపు మూత విప్పాడు. లోపల తిరిగే ఇంపెల్లర్, అంటే రబ్బరు రెక్కల చక్రం, పాతబడి గట్టిపడి ఉంది. రెండు రెక్కలు ఊడిపోయాయి. ఊడిన ముక్కలు ఎక్కడో దారిలో అడ్డం పడి ఉంటాయని తెలుసు. ఒకటి పంపు తరువాతి వంపులో దొరికింది, రెండోది థర్మోస్టాట్ దగ్గర. బెంగళూరు పోయి కొత్త చక్రాలు రెండు వెతికి తెచ్చి, మర్నాడు ప్రేమ చూస్తుండగా ఒకటి వేశాడు. ఒడ్డున నడిపి చూశారు. ధార ఇంకా బాగా పడింది.

ఆ సాయంత్రం చెరువు నడుమ మళ్ళీ కాగింది.

“కట్టేసి నడిపితే ఎప్పుడూ బాగానే ఉంటాదప్పా,” అంది ప్రేమ. “నడుమకు పోయినాకనే దానికి జొరం.”

గాడ్విన్‌కూ ఆ సంగతి అర్థమైంది. బరువు లాగేటప్పుడే జబ్బు బయటపడుతోంది. పడవను రెండు మోకులతో గట్టిగా కట్టి, గేరు వేసి, అక్కడే బరువు పెట్టి చూద్దామనుకున్నాడు. పడవ కింది పంకా తిరిగేసరికి ఒడ్డున లోతులేని నీళ్ళలో బురదంతా లేచి జల్లెడ మూసుకుపోయింది. పాతిన గుంజ ఊడి వచ్చింది. పోనీ, ఏమేం గమనించాలో సీనప్పకు చెప్పి పంపాడు. సీనప్ప తిరిగివచ్చి, “నువ్వు చెప్పినవన్నీ బాగానే ఉండాయన్నా. కానీ కాగింది,” అన్నాడు. ఒక చేత్తో చుక్కాని పట్టుకొని రెండో చేత్తో ఇంజను చూడడం ఎవరివల్ల అవుతుంది?

గాడ్విన్ కట్ట మీద ఒక బండపై కూర్చున్నాడు. ప్రేమ వచ్చి పక్కన నిలబడింది.

“అమ్మా ప్రేమా, ఒక మాట చెప్తాను. నవ్వుకుంటే నవ్వుకో. నేను ఇంతవరకూ పడవెక్కి నీళ్ళమీదికి పోలేదు. నాకు బయ్యం.”

ప్రేమ నవ్వలేదు. “ఈత రాదా అప్పా?”

“ఈత కాదు. గనిలో ఒకసారి నీళ్ళు తరుముకొచ్చినాయి. అది పోలేదు.”

ఆమె కూడా బండ మీద కూర్చుంది. “నేను మొదటి తూరి పోయినప్పుడు కండ్లు మూసుకొని క్యాను పట్టుకొని కూర్చొన్నా. సీనప్పన్నని అడుగు కావాలంటే. ఒక పని చేద్దాము. నీకు లారీ ట్యూబు కడతాము. నేను నీకు ఎదురుగా కూర్చొంటా. నువ్వు సుమ్నే, ఊరికే ఇంజను పెట్టెలోకే చూస్తా ఉండు. నీళ్ళు చూసే పని మాది.”

“రేపు చూద్దాము,” అన్నాడు గాడ్విన్. ఇంటికి పోయి మోనికాకు చెప్పాడు. పోవద్దంటుందేమోనని ఆశ. ఆమె అన్నం వడ్డిస్తూ, “పాలు రోజూ పారబోస్తా ఉంటే పాపం కదా. పోయి రా. నేను జపమాల చెప్తా,” అంది. అక్కడ కూడా దారి మూసుకుపోయింది.

మరునాడు పొద్దుటి పాలకు బయలుదేరారు. నడుముకు నల్లటి లారీ ట్యూబుతో గాడ్విన్ ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పోయేటప్పుడు ఖాళీ క్యాన్లు. సీనప్ప నెమ్మదిగా నడిపాడు. వేడి పెరగలేదు. అవతలి ఒడ్డున పాలు నింపుకొని తిరుగుదారి పట్టారు. చెరువు నడుమకు రాగానే ఎదురుగాలి తగిలింది.

“రేసు పెంచల్ల అన్నా, లేకుంటే పోదు,” అని అరిచాడు సీనప్ప.

“పెంచు!”

గాడ్విన్ కళ్ళు పెట్టెలోనే ఉన్నాయి. జల్లెడ డబ్బా చూశాడు, పంపు మీద చెయ్యి పెట్టాడు, అక్కడినుంచి చెయ్యి వెనక్కి జరిపి, అడుగు రంధ్రం నుంచి జల్లెడకు వచ్చే లావు రబ్బరు గొట్టాన్ని పట్టుకున్నాడు. ఇంజను హోరు పెరిగేకొద్దీ గొట్టం అతని అరచేతిలో మెత్తబడింది. చూస్తూ ఉండగానే దాని రెండు గోడలూ అంటుకుపోయి అరటి తొక్కలా చదునైపోయింది.

“తగ్గించు సీనప్పా!”

గొట్టం మళ్ళీ గుండ్రమైంది.

“పెంచు!”

చదునైంది.

“దొరికిందమ్మా! దొరికింది!” గాడ్విన్ నవ్వుతూ తలెత్తాడు. “గట్టిగా పీలిస్తే ఇది మూసుకుపోతా ఉండాది. నిదానంగా పీల్చినప్పుడు బాగానే ఉంటాది. అందుకే ఒడ్డున మనకి చిక్కలేదు.”

అలా తలెత్తినప్పుడే అతనికి చుట్టూ ఉన్న నీళ్ళు కనిపించాయి. ఎటు చూసినా నీళ్ళే, దూరంగా సన్నని గీతలా కట్ట. రెండు చేతులా ట్యూబు పట్టుకున్నాడు. ప్రేమ అతని ముఖం చూసి, “ఇంగేమి చెయ్యల్లప్పా?” అని గట్టిగా అడిగింది. ఆ ప్రశ్న అతన్ని మళ్ళీ పనిలోకి లాగింది.

“ఇంజను ఆపండి. క్యాన్లు కదలకుండా కట్టినారే, ఆ మందం ఇనుప కమ్మి ఇప్పియ్యండి.”

సీనప్ప ఆ తీగ విప్పాడు. గాడ్విన్ దాన్ని స్పానర్ పిడికి చుట్టచుట్టలుగా చుట్టి బిగువైన స్ప్రింగులా చేశాడు. కొనలు గొట్టాన్ని కొయ్యకుండా లోపలికి మడిచాడు. దాన్ని గొట్టంలోకి దూర్చాలంటే గొట్టం ఊడదీయాలి. అది తెరుచుకునేది చెరువులోకే. ముందుగా అడుగు రంధ్రం మీదున్న వాల్వు తిప్పి మూశాడు. పాత వాల్వు పూర్తిగా బిగియలేదు. గొట్టం ఊడగానే సన్నని ధార ఒకటి పడవలోకి చిమ్మి అతని పాదాలను తడిపింది.

సీనప్ప “అయ్యయ్యో” అన్నాడు. ప్రేమ పాలు కొలిచే లీటరు కొలత తీసుకొని గబగబా నీళ్ళు బయటికి పోయసాగింది.

“ఎంత సేపప్పా?”

“తోడతా ఉండమ్మా. అయిపోతాది.”

గనిలో పంపు ఆగినప్పుడు చేతిలో పని సగంలో వదిలి పరుగెత్తాల్సి వచ్చింది. ఇక్కడ పని చేతిలోనే ఉంది, ఎదురుగా ఒక మనిషి నీళ్ళు తోడుతూ ఉంది. స్ప్రింగును తిప్పుతూ తిప్పుతూ గొట్టంలోకి దించాడు, గొట్టాన్ని మళ్ళీ తొడిగాడు, క్లిప్పులు బిగించాడు, వాల్వు తెరిచాడు. “ఇప్పుడు ఇంజను వెయ్యి.”

సీనప్ప ఇంజను వేసి, కొద్దికొద్దిగా రేసు పెంచి, చివరికి పూర్తిగా పెంచాడు. గొట్టం గుండ్రంగానే ఉంది. వెనక పొగతోపాటు నీళ్ళు దబదబా పడుతున్నాయి. పడవ ఎదురుగాలికి ముక్కు పెట్టి ఊరివైపు సాగింది. ఒడ్డు చేరాక గాడ్విన్ ఇంజను మీద అరచెయ్యి పెట్టి తీయకుండా అలాగే ఉంచాడు. కాలలేదు. క్యాన్లు దింపుతున్న ఆడవాళ్ళు అతని నడుముకున్న ట్యూబు చూసి నవ్వారు. అతనూ నవ్వాడు. దాన్ని విప్పడం మరిచిపోయి డెయిరీ దాకా నడిచాడు.

అది తాత్కాలికమని అతనికి తెలుసు. మర్నాడే ముళబాగిల్లో బోరు పంపులకు వాడే, లోపల ఇనుప చుట్ట ఉన్న కొత్త గొట్టం తెచ్చాడు. పడవను ఒడ్డున మెరకమీదికి లాగించి, గొట్టంతో పాటు ఆ వాల్వూ మార్చాడు. పాత గొట్టం నిలువునా కోసి ప్రేమకూ సీనప్పకూ చూపించాడు. పైకి నల్లగా నిగనిగలాడుతున్నా, లోపలి పొర విడిపోయి వేలాడుతోంది.

ఆ పగలు ప్రేమ ఇంట్లో రాగిముద్ద, అనపకాయల పులుసు, తినలేక తినలేక తిన్నంత పన్నీరు. “పాలు విరిగితే ఇంగ నిన్ను పిలిచి ఇదే పెడతా,” అని మోహన్‌కుమార్ తల్లి బెదిరించింది.

క్రిస్మస్ తరువాతి ఆదివారం గాడ్విన్ మోనికాను వెంటబెట్టుకొని వచ్చాడు. పండక్కి తాను వండిన గులాబీ పువ్వుల పిండివంట డబ్బా ప్రేమ చేతిలో పెట్టి, మోనికా తానే ముందు పడవెక్కింది. గాడ్విన్ ఆమె పక్కన కూర్చుని అంచు గట్టిగా పట్టుకున్నాడు. భయం పూర్తిగా పోయిందని అతను ఎవరితోనూ చెప్పలేదు. కానీ దిగమని ఎవరూ అనకపోయినా రెండోసారి అవతలికి పోయి వచ్చాడు.

ఎండాకాలానికి నీళ్ళు తగ్గి రోడ్డు తేలింది. పడవ ఒడ్డెక్కింది. మళ్ళీ వానలు పట్టి చెరువు పెరిగినప్పుడు, ఒక మధ్యాహ్నం గాడ్విన్‌కు ప్రేమ ఫోన్ చేసింది.

“అప్పా, ధార సన్నబడింది. పంపు ఇప్పి చూస్తే ఒక రెక్క ఊడి ఉండాది.”

“అట్లనా? రేపు పొద్దున బస్సుకే వస్తాను.”

“వద్దప్పా. నువ్వు తెచ్చిన రెండో చక్రం వేసేసినాను. ఊడిన ముక్క కూడా దొరికింది, ఆ వంపులోనే. పడవ ఇప్పుడే అవతలికి పోయి వచ్చింది. పనేమీ లేదు, సుమ్నే చెప్దామని చేసినా.”

గాడ్విన్ పక్కనున్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు. “క్లిప్పులు రెండూ బిగించినావా?”

“బిగించినా.”

“మూత కింద కాగితం గాస్కెట్ కొత్తది వేసినావా?”

“వేసినా అప్పా.”

“సరి. అయితే ఇంగ నేను సుమ్నే వస్తాను, మోనికాని తోడుకొని. ఆదివారం పూజ అయినాక.”

“రాండప్పా. పులుసు చేసి పెడతా,” అంది ప్రేమ.