రాజం కాక తట్టి చూస్తే

రాజం కాక దేన్నయినా వేలి కణుపులతో కొట్టి, చెవి పెట్టి వినందే నమ్మడు. పుచ్చకాయను అందరం కొట్టే కొంటాం, అందులో వింతేం లేదు. కాక గోడను కొడతాడు, బీరువాను కొడతాడు, కొత్తల్లుడి వీపును కొడతాడు. "గట్టిగున్నడు, ఫికర్ చెయ్యకు" అని ఆ అల్లుడి ముందే బిడ్డతో అన్నాడు కూడా.

ఆయనతో షేర్ ఆటోలో గోదావరిఖని పోవడం ఒక శిక్ష. కూర్చోగానే పైనున్న ఇనుప కమ్మీని కొడతాడు. ఎవరో దిగుతున్నారనుకొని డ్రైవర్ బ్రేకు వేస్తాడు.

"ఎవలు దిగేది?"

"ఎవ్వలు దిగరు. నీ టాపు మంచిగున్నదా అని చూసిన. పోనీ."

మళ్ళీ కొడతాడు, మళ్ళీ బ్రేకు. మా సెంటినరీ కాలనీ దగ్గర ఆయన చెయ్యెత్తితే కొందరు డ్రైవర్లు స్పీడు పెంచుతారు.

ఇదంతా బావిలో పట్టిన బుద్ధి. బొగ్గుబావి లోపల ఆయన పని పైకప్పు చూడటం. అందరికంటే ముందు వెళ్ళి, ఇనుప రాడ్డుతో కప్పును కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టి. డొల్లగా మోగితే ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆయన "పోవచ్చు" అన్నాకే షిఫ్టు మొత్తం కదిలేది. రిటైరై ఏళ్ళయినా ఆ చెయ్యి మాత్రం డ్యూటీ దిగలేదు.

కాక కొడుకు క్వార్టరూ మాదీ పక్కపక్కనే. నేను మంథనివాణ్ణి, గని ఆఫీసులో క్లర్కును, పేరు వేణుమాధవ్. పోయినేడు ఓ పొద్దున సంతకం చేస్తుంటే కుడిచేతిలోంచి పెన్ను జారిపోయింది. ఎవరినైనా పిలుద్దామంటే మాట రాలేదు. కాసేపటికి అన్నీ సర్దుకున్నాయి గానీ, చెయ్యీ మాటా అట్లా పోవడం రావడం అలవాటు చేసుకున్నాయి. హైదరాబాద్ డాక్టరు ఫిల్ము చూపించి చెప్పాడు. మెదడు ఎడమవైపుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం మూసుకుపోయిందట, మందులకు లొంగడం లేదట. బైపాస్ చెయ్యాలి. చెవి ముందు నుంచి తల చర్మానికి పోయే నాళాన్ని మళ్ళించి, పుర్రెకు చిన్న కిటికీ కోసి, లోపలి నాళానికి కుట్టాలి.

కాలనీ అంతా పరామర్శకు వచ్చింది.

"బైపాస్ గుండెకు గదా, తలకాయకేంది? ఆ డాక్టర్ సక్కగ చూసిండా?" అంది కాక భార్య సమ్మవ్వ.

కాక ముందు జాగ్రత్తగా నా ఛాతీ కొట్టి విన్నాడు. "ఇది మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత ఆ చెయ్యి నా తలవైపు లేచింది.

"కాకా, అది ముట్టకు!" అని మా ఆవిడ శ్రావణ్య అడ్డం దూకింది.

నేను ఆపరేషన్ వద్దన్నాను. భయం, అంతే. పుర్రెకు కిటికీ అన్న మాట దగ్గరే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇట్లాగే వదిలేస్తే ఏదో ఒకరోజు పోయిన మాట, పోయిన చెయ్యి మళ్ళీ రావని డాక్టరు హెచ్చరించాడు. శ్రావణ్య బతిమాలింది, తిట్టింది, తిండి మానేసింది. నేను మంచం దిగలేదు.

"గీ ఆపరేషన్ చేసుకున్నోళ్లు ఎవలన్న మంచిగున్నరా?" అని అడిగాడు కాక.

"నాకేం తెలుసు కాకా? నేనైతే ఎవ్వర్ని చూడలె."

మర్నాటి నుంచి కాక కనపడలేదు. "ఎటు పోయిండో ఏమో, చెప్పి పోతడా ఆయన?" అంది సమ్మవ్వ. పక్కవాడు ఆపదలో ఉంటే మొహం చాటేస్తాడా అని నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండా ఓ సాయంత్రం దిగాడు, వెంట ఒక బక్క మనిషితో.

"ఈనె కొమురెల్లి, కొత్తగూడెం. రెండేండ్ల కింద నీ ఆపరేషనే చేసుకున్నడు. నీ హైదరాబాద్ దవాఖాన బయట నిలబడి, వచ్చేటోళ్లను పోయేటోళ్లను అడిగి పట్టుకున్న."

కొమురెల్లి కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, నీకు దండం పెడత, జల్ది ఆపరేషన్ చేయించుకో. లేకుంటె మీ కాక నన్ను ఇడిసిపెట్టడు. వచ్చి మా ఇంట్లనే దిగిండు. పొద్దుగాల లేపి ఎక్కాలు చదివిచ్చిండు. మెట్లెక్కిచ్చిండు, దింపిచ్చిండు. సూదిల దారం పెట్టిచ్చిండు. మా ఇంటిదాన్ని పిలిచి, ఈనెకు కోపం ఎప్పటిలెక్కనే వస్తదా అని అడిగిండు!"

"తట్టి చూడకుంటె ఎట్ల?" అన్నాడు కాక.

కొమురెల్లి నా వేలు పట్టుకొని తన చెవి ముందు మెల్లగా ఆనించాడు. చర్మం కింద నాళం కొట్టుకుంటోంది, కుదురుగా, పుర్రెలోకి పోతూ.

"తెలుస్తున్నదా?" అన్నాడు కాక. "నేను ముందుగాల పోయి చూసొచ్చిన. గట్టిగున్నది. పోవచ్చు బిడ్డా."

ఇన్నేళ్ళూ మేం నవ్వుకున్న చెయ్యి అది. తాను ముందు వెళ్ళి చూడకుండా ఆ మనిషి ఎవర్నీ అడుగు పెట్టనివ్వడు. నేను మంచం దిగి, హైదరాబాద్ పోదామని శ్రావణ్యతో అన్నాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. పెన్ను జారడం లేదు, మాట తప్పడం లేదు. చెవి ముందున్న ఆ నాళాన్ని కళ్ళజోడు కాడ ఒత్తకూడదని డాక్టరంటే, దాన్ని వదులు చేయించుకున్నాను. హాయిగా ఉన్నాను, ఒక్క ఇబ్బంది తప్ప. చుట్టుపక్కల ఆపరేషన్‌కు ఎవరు భయపడ్డా కాక నేరుగా మా ఇంటికి పట్టుకొస్తాడు. మొన్న బుచ్చన్నను తెచ్చాడు. ఆయనది మోకాలు.

"మోకాలికి నా తలకాయకు ఏం సంబంధం కాకా?"

"ఆపరేషన్ ఆపరేషనే. నువ్వు లేచి మెట్లెక్కు."

ఎక్కాను, దిగాను, సూదిలో దారం పెట్టాను, పదమూడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పాను. బుచ్చన్న నన్ను కిందికీ మీదికీ చూసి, శ్రావణ్య ఇచ్చిన చాయ తాగి, "సరే, నేను సుత ఆపరేషన్‌కు పోత" అన్నాడు.

నాకు పద్నాలుగో ఎక్కం కూడా వచ్చు. ఎవరూ అడగలేదు.