రాయి వెనక వైపు

మ్యూజియంలో పని అని చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లు మెరుస్తాయి. బంగారు నాణేలు ఏమైనా దొరికాయా అండీ అని అడుగుతారు. నాకు దొరికినవల్లా మోకాళ్ల నొప్పులూ, దుమ్ముతో వచ్చిన దగ్గూను. పొద్దున క్యూరేటర్ని, మధ్యాహ్నం ప్రొఫెసర్ని. పొద్దున విజయవాడ ఉక్కకి గోడలెక్కడ చెమ్మగిల్లాయో తడిమి చూసుకుంటాను. మధ్యాహ్నం, గ్రూప్స్ కోచింగ్ నుంచి నేరుగా వచ్చి కునికిపాట్లు పడే పిల్లలకి బౌద్ధ శిల్పం గురించి చెబుతాను. "ఇది ఎగ్జామ్‌లో వస్తుందా సార్?" అన్నదొక్కటే వాళ్ల సందేహం. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు "రావచ్చు" అనేసి ముందుకు పోతున్నాను. కోప్పడడానికి కూడా ఓపిక ఉండాలి కదా.

మిగతా ఉద్యోగమంతా ఒకటే మాట: ముట్టుకోవద్దు. స్కూలు పిల్లలకి అదే చెప్పాలి, ప్రీ వెడ్డింగ్ ఫొటోల కోసం విగ్రహాల మీద వాలిపోయే జంటలకి అదే చెప్పాలి, కుంకుమ పొట్లం విప్పుకుని బొమ్మ పాదాలకి బొట్టు పెట్టబోయే పెద్దావిడలకీ అదే చెప్పాలి. చేతి చెమట రాయికి చెరుపు అని క్లాసులో అరిచి అరిచి, ఇంట్లో నేను పచ్చడి జాడీ మూత తీసినా మా ఆవిడ "ముట్టుకోవద్దు" అని వెక్కిరించేదాకా వచ్చింది.

ఆ రాయి కబురు కూడా అలా విసిగిపోయి ఉన్న ఒక మధ్యాహ్నమే వచ్చింది. కంకిపాడు దాటాక కాలవ గట్టునున్న ఒక ఊళ్లో పాడుబడ్డ నుయ్యి పూడుస్తుంటే, పక్కనున్న బట్టలుతికే బండని జేసీబీ తిరగేసిందట. కింద పువ్వు రేకుల్లాంటివేవో కనిపిస్తున్నాయని అక్కడి స్కూలు మాస్టారు వాట్సాప్‌లో ఫొటో పంపారు. డెల్టా నల్లరేగడిలో రాయి పుట్టదు. ఎక్కడ రాయి కనిపించినా, ఎవరో ఎప్పుడో ఎక్కణ్ణుంచో మోసుకొచ్చిందే. అది తెలిసినవాణ్ణి కనక, తిట్టుకుంటూనే బయల్దేరాను.

ఆ పెరడు ఒక పెద్దావిడది. భర్త పోయాడు. వరండాలో సిలువ, దాని కింద బైబిలు వాక్యాల క్యాలెండరు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ ఆ బండ మీదే ఉతికింది. ఉతికి ఉతికి పైభాగం నడిమధ్య పళ్లెంలా గుంటపడింది. కిందివైపంతా మట్టి అట్టకట్టి ఉంది, ఒక మూల మాత్రం రెండు తామర రేకులు తొంగిచూస్తున్నాయి. ఇది చాలా పాత శిల్పమమ్మా, మ్యూజియంలో ఉండాలి అన్నాను.

ఆవిడ కొడుకు ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. నా ముందే తల్లితో అన్నాడు:

"పట్టుకుపోయిన రాయి మళ్లీ కనపడిద్దా అమ్మా? ఎవడికో అమ్మేసుకుంటారు."

ఆవిడ నావంక కాసేపు చూసింది. "సార్‌ని చూస్తే అట్టాంటి మనిషిలాగా లేర్రా," అంది. "తీసుకెళ్లండి సార్. పెట్టాక మాత్రం నాకోసారి చూపించాలి."

"నీ ఇష్టం. రేపు ఊళ్లో నలుగురూ నవ్వితే నన్ననమాక," అన్నాడతను.

మ్యూజియంకి తెచ్చాక వారాల తరబడి మెత్తటి బ్రష్షులతో, నీళ్లతో మట్టి వదిలించాం. చక్కటి పూర్ణకుంభం బయటపడింది, దాని నిండా తామరపూలు. ఇక ఆపైన మా సంగతి తెలిసిందే. గ్యాలరీకి రిపేర్లన్నారు, లైట్లకి టెండరన్నారు, ఒక ఫైలు వెళ్లింది, వెళ్లిన ఫైలు రాలేదు. రాయి స్టోర్‌రూములో గుడ్డ కప్పుకుని పడుకుంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ ఫోన్ చేసేది. "హ్యాపీ క్రిస్మస్ సార్. మా బండ ఎప్పుడు పెడతారు?" త్వరలోనే అమ్మా అనేవాణ్ణి. "మీ బండ ఏ దేశం పోయిందే అని అడుగుతున్నారండీ అందరూ," అని నవ్వేది. ఏడాదికేడాదికీ ఆ నవ్వు తగ్గుతూ వచ్చింది. నాకు ఆ ఫోన్ ఎత్తాలంటేనే నీరసం ముంచుకొచ్చేది.

చివరికి నా రిటైర్మెంటు దగ్గరపడ్డ ఏడాది గ్యాలరీ తెరిచారు. రాయిని గోడకి ఇనుప కొక్కేలతో నిలబెట్టి, మంచి లైటు వేసి, మొట్టమొదట ఆవిడకే ఫోన్ చేశాను. ఒక శనివారం ఆవిడ ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని కొడుకుతో వచ్చింది. పక్కనే నడుస్తున్నాను. ఆవిడ ఆ రాయి ముందు నుంచే వెళ్లిపోయి, అటూ ఇటూ వెతుకుతోంది.

"అమ్మా, ఇదే," అని వెనక్కి పిలిచాను.

ఆవిడ వచ్చి పూర్ణకుంభాన్ని కిందికీ పైకీ చూసింది. మొహం పాలిపోయింది.

"ఇది మాది కాదండీ."

కొడుకు తల్లివంక చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. అతను తిట్టినా బాగుండేది. ఆవిడకి తెలిసింది రాయి వెనక వైపు ఒక్కటే, నేను గోడకి తిప్పి పెట్టింది అదే. ఈ ముఖం ఆవిడ ఎన్నడూ చూడలేదు. గబగబా ఫోన్లోంచి పాత ఫొటోలు తీసి చూపించాను. "ఫొటోలదేముంది సార్, ఇప్పుడు ఏదంటే అది చేస్తున్నారు," అన్నాడు కొడుకు, మర్యాదగానే. రాయిని దించి చూపించాలంటే మళ్లీ అనుమతి, మళ్లీ ఫైలు. నాకు అక్కడే నేలమీద చతికిలబడాలనిపించింది. ఇన్నేళ్లూ ఆవిడ ఊళ్లో నా తరఫున మాట పడింది. ఇప్పుడు ఆవిడ కళ్లలో నేనూ దొంగనే.

గోడ చెమ్మ తగలకూడదని రాయి వెనక రెండు వేళ్ల సందు ఉంచాను. అది గుర్తొచ్చింది. గార్డు చూస్తుండగానే రాయి ముందు అడ్డంగా కట్టిన తాడు పక్కకి జరిపి, "అమ్మా, వెనక చెయ్యి పెట్టి చూడండి," అన్నాను.

ఆవిడ గాజులు మోచేతి వైపు తోసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. కళ్లు మూసుకుంది. గుంట తగిలినట్టుంది, చెయ్యి అక్కడ ఆగింది. తర్వాత అంచు వెంబడి కిందికి పాకి, ఒకచోట కదలకుండా ఉండిపోయింది.

"మాదేనండీ," అంది. "ఇది ఆయన కొడవలి నూరుకున్న గాడి. బట్టలు చిరుగుతాయని రోజూ పోట్లాడేదాన్ని."

కొడుకు కూడా చెయ్యి పెట్టబోయాడు. లారీల ఇనుప రేకులు కొట్టి కొట్టి లావెక్కిన చెయ్యి, కణుపుల దగ్గరే ఆగిపోయింది.

"నీకు పట్టదులే," అంది ఆవిడ. "నే చెబుతున్నాగా." అతను తలూపాడు.

ఆ రాయిని రికార్డు చేసినప్పుడు 'వెనక వైపు: అరిగినది, విశేషాలు లేవు' అని రాసింది నేనే. ఆవిడ చెయ్యి ఇంకా లోపలే ఉంది. తియ్యమనడానికి నాకు నోరు రాలేదు.

"మళ్లీ రావచ్చా సార్?" అని అడిగింది వెళ్లబోతూ.

వేసవి దాటితే నేను ఇక్కడ ఉండను. గార్డుని పిలిచాను. ఈ అమ్మ ఎప్పుడొచ్చినా తాడు తీసి పక్కన నిలబడు అన్నాను. అతను బిత్తరపోయి, "ముట్టుకుంటారేమో సార్?" అన్నాడు.

"ముట్టుకోనివ్వు," అన్నాను.