మస్కట్ నుంచి మూడు గంటలు

నాలుగేళ్ల కిందటి మాట. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో ఉన్నాను. జూలూరుపాడులో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. ఒళ్లో తెల్ల చామంతుల దండ, చెవి దగ్గర ఫోను. నేను డైరీలో బస్సు వేళలు రాసుకోవడం చూసి అడిగింది.

“సారూ, మస్కట్ నుంచి హైదరాబాదుకు విమానం ఎంతసేపు?”

“సుమారు మూడు గంటలమ్మా.”

వెంటనే ఫోనులో అందుకుంది. “ఇన్నవా అన్నా? మూడు గంటలేనంట! నువ్వు సంతకు పోయొచ్చేంతసేపు. చెల్లె విమానం ఎక్కుతున్నది. అది అమ్మ మొఖం చూసేదాక పెట్టె మూత ఎయ్యకుండ్రి. పాస్టరయ్యకు గట్లనే చెప్పు.”

ఏ లెక్కయినా సగంలో వదిలేస్తే నాకు తోచదు. “విమానం దిగాక మీ ఊరికి కారులో ఇంకో ఆరేడు గంటలు...” అని మొదలుపెట్టాను.

ఆమె ఫోనును గుండెకు అదిమిపట్టింది. “నాకెరుకే సారూ. అది చెప్తే పొద్దుగూకకముందే సమాధి చేసేస్తరు. వానొస్తదని మా అన్నకు ఒకటే తొందర.”

అన్నకు అనుమానం వచ్చినట్టుంది. “ఆ సారుకియ్యి ఫోను” అన్న కేక నాకూ వినిపించింది. ఆమె ఫోను నా చేతిలో పెట్టింది.

“నిజమేనా సారూ? మూడు గంటలేనా?”

“అవును బాబూ, విమానం మూడు గంటలే. ఆగండి.”

“సరే సారూ, ఆగుతం.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పాల్వంచలో దిగిపోయింది. చెల్లెలు ఎప్పటికి చేరిందో నాకు తెలియదు. కానీ ఇప్పుడు ఎవరైనా ఫలానా ఊరు ఎంత దూరమని అడిగితే, ఎవరొస్తున్నారో కనుక్కున్నాకే జవాబు చెబుతాను.